పత్తి చేలో రోజా లక్సెంబర్గ్

నరసరావుపేటలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతూనే, మిరప కోతలు అయ్యాక వేసవిలో కౌలురైతులకు పెట్టే క్లాసులకూ వెళ్లేదాన్ని. కాలేజీలో సిలబస్ ఉంటుంది. ఇక్కడికొచ్చే వాళ్ల చేతిలో ఎరువుల కొట్టు చిట్టా ఉంటుంది. పాఠం దాని దగ్గరే ఎత్తుకోవాలి.

ఈ పద్ధతి నాకు రోజా లక్సెంబర్గ్ నుంచి వచ్చింది. 1871లో పోలండ్‌లో పుట్టి, అక్కడ ఆడపిల్లలకు యూనివర్సిటీ గడప అందని రోజుల్లో జ్యూరిక్ వెళ్లి, పోలండ్ పరిశ్రమల మీద పరిశోధన చేసి 1897లో డాక్టరేట్ అందుకుంది. 1907 నుంచి బెర్లిన్‌లో సోషల్ డెమోక్రాటిక్ పార్టీ బడిలో కార్యకర్తలకు అర్థశాస్త్రం చెప్పింది. ఆ పాఠాలు పుస్తకంగా రాస్తుంటే ఒక చిక్కు ఎదురైంది: పెట్టుబడి అంతకంతకూ పెరగాలంటే ఆ అదనపు సరుకు కొనేదెవరు? దాన్ని విప్పబోయి 1913లో ‘పెట్టుబడి సంచయనం’ రాసింది. రోజూ పాఠం చెప్పే మనిషికే అలాంటి ప్రశ్న తగులుతుందని నా నమ్మకం. 1919 జనవరిలో ఆమెను చంపేశారు. అప్పటికి 47 ఏళ్లు.

ఆ పుస్తకంలో అప్పుల అధ్యాయం మావాళ్లకు ఇట్టే పట్టేది. 1860లలో అమెరికా అంతర్యుద్ధంతో పత్తి ధర ఎగబాకింది. ఈజిప్టు పాలకులు ఐరోపాలో అప్పులు తెచ్చి కాలువలు తవ్వించారు, పత్తి వేయించారు. యుద్ధం ముగిశాక ధర పడిపోయింది. అప్పు మాత్రం వడ్డీతో సహా రైతు నెత్తిన పన్నయి కూర్చుంది. మా దగ్గర నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీళ్లొచ్చాయి. 1987-88లో తెల్లదోమకు చేలు పోయి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అవి ఎరిగినవాళ్లకు ఈజిప్టు పరాయి దేశం కాదు.

1994లో సత్తెనపల్లి నుంచి సీపీఎం తరఫున పుతుంబాక భారతిని అసెంబ్లీకి పంపిన ప్రాంతం ఇది. ఆడవాళ్లు లేచి అడగడం ఇక్కడ కొత్త కాదు. గురజాల వైపు నుంచి వచ్చిన ఒకామె అంతా విని, “మేడమ్, ఆ ఈజిప్టు రైతుది సొంత పొలమా, కౌలా?” అంది.

ఆమె చిట్టానే బోర్డు మీద వేశాం. కౌలు ముందే కట్టింది. కౌలుదారు కార్డు లేదు, బ్యాంకులో పంట రుణం రాలేదు. విత్తనం, మందు అన్నీ అరువే. కల్లంలో ఎండిన మిరపకాయ టిక్కీలకెక్కి నేరుగా అప్పిచ్చినవాళ్ల దగ్గరికే పోయింది. తాలుకాయ ఏరి ధర కట్టారు, బాకీ పట్టుకున్నారు, మిగిలింది చేతిలో పెట్టారు. కలుపుల్లో, కోతల్లో ఆమె, ఆమె కూతురు వంచిన నడుముకు చిట్టాలో ఒక్క పద్దూ లేదు. ఆ కూలి కలిపి చూస్తే మిగులనుకున్నది నష్టమని తేలింది.

కౌలుదారుకు కార్డు ఇవ్వడానికి 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దానికి భూ యజమాని సంతకం కావాలి. ఆమె పని అక్కడే ఆగింది. పొలం కౌలుకిచ్చినవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట: ఆ కార్డు 11 నెలలకే, పంట వరకే. మీ హక్కుకు దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. సంతకం పెట్టండి.