హాజరు పుస్తకంలో లేని పేర్లు

ఇది ఒక్కరు రాస్తున్న మాట కాదు. ఒకప్పుడు భివండిలో ఒకే కార్ఖానాలో సాంచాలు నడిపిన నలుగురం కూర్చుని గుర్తు చేసుకుని రాస్తున్నం. కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

పోయిన నెల మాలో ఒకరి ఇంట్లో పాత రేకుపెట్టె సర్దుతుంటే ఒక చిన్న కత్తెర బయటపడ్డది. బట్టలు కోసే కత్తెర కాదు. పిడికిట్లో పట్టేది, రెండు వేళ్లతో నొక్కితే పోగు కొస తెగేది. దారంతో మొలకు కట్టుకుని తిరిగేవాళ్లం. స్నానానికి పోయినప్పుడు తప్ప ఒంటి మీది నుంచి తీసేది లేదు. ఇంట్లో పిల్లలు "ఇదేంది తాతా?" అని అడిగిన్రు. చెప్పడం మొదలుపెడితే రాత్రి పన్నెండైంది.

మాలో ఇద్దరం కరీంనగర్ జిల్లా నుంచి, ఒకరు నల్గొండ నుంచి, ఒకరు పాలమూరు నుంచి వచ్చినం. ఊర్లో చేతిమగ్గం మీద కడుపు నిండలేదు. కల్యాణ్‌లో రైలు దిగి, బస్సెక్కి, పద్మానగర్‌లో తెలిసినవాళ్ల గది వెతుక్కుంటూ వచ్చినం. ఒక గదిలో పది మందిమి. పగలు పాళీ వాళ్లు పనికి పోతే రాత్రి పాళీ వాళ్లు అదే చాప మీద పడుకునేది. చాప చల్లారింది ఎన్నడూ లేదు.

1982 జనవరి 18న ముంబై మిల్లుల్లో దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. రెండు లక్షలకు పైగా కార్మికులు బయటికొచ్చిన్రు. ఆ మిల్లులు మళ్లీ మునుపటిలా లేవలేదు. ఆ బట్ట పని చాలామట్టుకు భివండికి మళ్లింది. ప్రభాదేవి, వర్లీ దిక్కు మిల్లుల్లో పని చేసిన మనవాళ్లు కొందరు ఇక్కడికే వచ్చిన్రు. మిల్లులో యూనియన్, హాజరు కార్డు చూసినవాళ్లు, ఇక్కడ మీటరుకు ఇన్ని పైసలు అనే లెక్కలో పడ్డరు.

పాళీ పన్నెండు గంటలు. ఒక్కొక్కరికి నాలుగు సాంచాలు. ధోటాలో, అంటే మన మగ్గం మాటలో నాడెలో, కండె అయిపోయిందంటే సాంచా ఆపాలె, కొత్త కండె పెట్టాలె, నాడె కన్నం దగ్గర నోరు పెట్టి పోగును పీల్చాలె. పోగుతో పాటు దుమ్మూ లోపలికి పోయేది. అదే నాడెను రాత్రి పాళీలో ఇంకొకరు నోట్లో పెట్టుకునేది. దగ్గు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరు చెప్పాలె?

ఆ చప్పుడులో మాట వినిపించదు. అందుకని చేతులతోనే మాట్లాడుకునేది. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే "పోగు తెగింది, చూడు" అని. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్. అరచేయి తల మీద పెడితే సేటు వస్తున్నడు. మాలో ఒకరికి ఇప్పుడు రెండు చెవులూ వినబడవు. ఇంట్లో వాళ్లు అరిచి అరిచి అలిసిపోతరు. మేము ముగ్గురం పోతే మాత్రం గంటసేపు ముచ్చట పెడతం, ఒక్క మాట లేకుండ.

తిండి బిస్సీలో. నెలకింత అని కడితే రెండు పూటలా అన్నం. మా బిస్సీ నడిపిన అక్క మనవైపు మనిషే. పగార్ ఆలస్యమైతే ఒక్కనాడు కూడా పళ్లెం ఆపలేదు. గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేది, అదే ఆమె ఖాతా పుస్తకం.

కార్ఖానాలో అందరం తెలుగోళ్లమే కాదు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక చాచా పక్క సాంచాల మీద ఉండేవాడు. 1984 మే నెలలో అల్లర్లు, కర్ఫ్యూ. కార్ఖానా మళ్లీ తెరిచిన రాత్రి ఎవరూ ఎవరి మొహం చూడలేదు. నడిరాత్రి మా సాంచా మీద పోగులు కుప్పగా తెగినయి. చాచా తన సాంచాలు ఆపి వచ్చిండు, పక్కన నిలబడి ముడులు వేసిండు. ఆగిన సేపు ఆయన కూలి పోయింది. ఏమీ అనలేదు. తెల్లారి ఇద్దరం కలిసే చాయ్ తాగినం.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తం.

మా కార్ఖానాలో కండెలు చుట్టే మిషన్ మీద ఒక పెద్దాయన ఉండేవాడు. అందరికీ కండెల మామ. కొత్తగా వచ్చిన పోరగాళ్లకు ముడి వెయ్యడం నేర్పింది ఆయనే. మాలో ఇద్దరికి జ్వరం వస్తే ఆస్పత్రికి మోసుకపోయింది ఆయనే. దగ్గు ముదిరి ఊరికి పోయిండు, మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు ఆయన భార్య వచ్చింది. "ఈయన ఇన్నేండ్లు ఇక్కడ పని చేసిండని ఒక కాయితం ఇప్పియ్యండి" అన్నది. సేటు దగ్గరికి పోయినం. "నా దగ్గర ఏ రాత లేదు" అన్నడు.

ఆయన అన్నది అబద్ధం కాదు, అదే అన్యాయం. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే 1948 ఫ్యాక్టరీల చట్టం వర్తించేది. పీఎఫ్‌కు ఇరవై మంది ఉండాలె. మా కార్ఖానా ఒకే రేకుల కప్పు కింద ఉన్నా, కాగితం మీద ముగ్గురు నలుగురి పేర్ల మీద ముక్కలుగా ఉండేది. ఏ ముక్కలోనూ మేము పది మందిమి కాలేదు.

సరే, సాక్షి సంతకం మేమే పెడతమన్నం. అప్పుడు ఆమె అడిగింది, "మరి ఆయన పేరు ఏమని రాస్తరు?" అని. మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నం. ఇన్నేండ్లు ఒక్క కప్పు కింద బతికినం, ఆయన ఇంటిపేరు మాకు తెల్వదు. ఊరి పేరూ తెల్వదు. ఆమె తప్పుపట్టలేదు. కొంగుతో కండ్లు తుడుచుకుని పేరు చెప్పింది, మేము రాసినం. సేటు రాయలేదని ఎంత తిట్టుకున్నా, ఆనాటి సిగ్గు మాదే.

2016 నవంబర్‌లో నోట్ల రద్దు, 2017 జూలైలో జీఎస్టీ, 2020లో లాక్‌డౌన్. ఒక్కొక్క దెబ్బకు కొన్ని సాంచాలు ఆగినయి. పాత సాంచాలు కిలోల లెక్కన తుక్కుకు పోయినయి. ఇనుముకన్నా తూకం చీటీ ఉన్నది. మనిషికి అది కూడా లేదు.

అందుకే సంఘానికి ఒక్క మనవి. ఒక నోట్‌బుక్ పెడదం. సాంచా నడిపినోళ్లు, భీములు పట్టినోళ్లు, వేల పోగులు ఒక్కొక్కటిగా ముడేసిన వైపని వాళ్లు, జాఫర్లు, కండెలు చుట్టిన ఆడవాళ్లు, బిస్సీ అక్కలు, ఏ కులమైనా, ఏ మతమైనా, అందరివీ రాద్దం. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, సొంతూరు, చేసిన పని, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా. ఇది చూపిస్తే పింఛను వస్తదని చెప్పం. కానీ రేపు ఏ ఇంటి నుంచి ఎవరొచ్చి అడిగినా, మనం మొహాలు చూసుకోవద్దు.

మీ ఇంట్లో పెద్దలుంటే ఈరోజే పక్కన కూర్చుని అడగండి. చెవులు వినబడకపోతే పెద్దక్షరాలతో రాసి చూపించండి. మొదటి పేజీలో కండెల మామ పూర్తి పేరు మా చేతులతో మేమే రాస్తం. ఇప్పుడు మాకు తెలుసు.