నడిచేవారికి తెరచిన తలుపు

దూరం నడవడానికి కాళ్లుంటే చాలదు. పొద్దు వాలేవేళకు తల దాచుకునే చోటు వుండాలి. ఈ సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. రాణీ మంగమ్మ 1689 నుండి 1706 వరకు మనుమని పేర మధుర రాజ్యం నడిపిన కాలంలో బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టించినది. మధుర రైలుస్టేషను ఎదుటి సత్రాన్ని నేటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. 1876లో మధుర నుండి తూత్తుకుడికి రైలు నడిచింది. కాలినడక తగ్గింది. దానితో సత్రాలకూ పని తగ్గింది.

మా మేనల్లుడు జపానులో నగోయా నగరాన వుద్యోగం చేస్తున్నాడు. పోయిన శరత్కాలంలో సెలవు పెట్టి మగోమె అనే వూరి నుండి త్సుమాగొ అనే వూరికి కొండదారిన నడిచాడట. దూరం సుమారు 8 కిలోమీటర్లు. అది యెడో నుండి క్యోటోకు పోయే నకసెండో అనే పాత రాజమార్గంలో ఒక ముక్క. ఆ మార్గంలో 69 మజిలీ వూళ్లు వుండేవి.

"మామా, దారిలో గంటలు కట్టి వున్నాయి. ఎలుగుబంట్లు దగ్గరకు రాకుండా వాటిని మోగిస్తూ పోవాలి. నడుమ ఒక పాత ఇంట్లో టీ ఇచ్చారు, డబ్బు అడగలేదు. రాత్రి బసలో చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, వేడినీళ్ల తొట్టిలో కూర్చుంటే కాళ్ల నొప్పి పోయింది. చాపల మీదే పరుపు వేశారు" అని ఫోనులో చెప్పాడు.

వాడు ఎర్రబారిన ఆకుల బొమ్మలు పంపిన ఐప్పసి మాసంలో మన నల్లరేగడి వానకు తడిసి, చెప్పుకు శేరు మట్టి అంటుకుంటూ వుండినది. మన నడకకు తై మాసమే తగినది. తై పూసానికి తిరుచెందూరుకు నడిచేవారితో నేనూ మా బావగారూ బయలుదేరాము. సంచిలో కడంబూరు పోళీలు, కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి. పగలు దారిలో మజ్జిగ పందిళ్లకు కొదువ లేదు. చిక్కంతా రాత్రికే.

రెండవ రాత్రి ఒక పల్లెలో పాత మండపం దగ్గర దిగుదామనుకున్నాము. కప్పు కూలి, లోపల తుమ్మ మొలిచి వున్నది. మేమిద్దరం ఏం చేద్దామని తెలుగులో మాట్లాడుకొంటూ వుండగా, ఎదురింటి తిన్నె మీద నుండి ఒక పెద్దమ్మ, "యాడ నుండి వస్తా వుండారు నాయనా? ఈడ పండుకోండి" అన్నది. కాళ్లకు ఉప్పువేసిన వేడినీళ్లు, తాగడానికి సజ్జ అంబలి, నంజుకోవడానికి చిన్న ఎర్రగడ్డలు ఇచ్చింది. ఆమె కొడుకులు ఇల్లు అమ్మి మదరాసు రమ్మంటున్నారట. "నేను పోతే తై మాసాన ఈ తిన్నె ఎవరు వూడుస్తారు?" అని అడిగింది. మా బావగారు అంబలి గిన్నె చేత పట్టుకొని వూరకున్నారు. నాకూ జవాబు తోచలేదు.

మేనల్లుడు చెప్పిన మరొక సంగతి అప్పుడు మనసుకు వచ్చింది. త్సుమాగొను కూడా రైలు తప్పించుకొని పోగా ఆ వూరు పాడుబడినది. 1968లో ఇళ్లు బాగుచేయ మొదలుపెట్టారు. 1971లో వూరివారందరు కూడి, ఇల్లు అమ్మము, అద్దెకు ఇవ్వము, కూల్చము అని కట్టుబాటు చేసుకున్నారు. 1976లో ప్రభుత్వం ఆ వూరిని కాపాడవలసిన వూళ్ల పట్టికలో చేర్చింది. మొదలుపెట్టినది మాత్రం వూరివారే.

అంత పెద్ద కట్టుబాటు మనవల్ల అవుతుందని నేననను. పిల్లల చదువులు, పెండ్లిండ్లు వున్నవి. ఇల్లు అమ్మక తప్పనివారు వున్నారు. అయినా నడకదారి పక్కన మన కుటుంబాలు ఎన్నో వున్నవి. తై పూసానికి ముందు పది దినాలు తిన్నె వూడ్చి, ఒక దీపం, ఒక కుండ నీళ్లు, రెండు చాపలు వుంచగల ఇళ్లు ఏవో మన సంఘంవారు ఒక పట్టిక వేస్తే మేలు. కడంబూరులో మా ఇంటి తిన్నె నలుగురికి చాలుతుంది. మొదటి పేరుగా దానిని వ్రాసుకోవలసినది.