పది పట్టీల బండి

2023 ఫిబ్రవరిలో ఆ పికప్ కొన్నాను. ఆర్సీలో రాసింది 1.3 టన్నుల లోడు. నేను నాలుగో ఓనరుని. బేరం 3,80,000 దగ్గర తెగింది. కింద వంగి చూస్తే చాసిస్ అంతా నల్లరంగుతో నిగనిగలాడుతోంది, తుప్పు చుక్క లేదు. వెనక భాగం జానెడు ఎత్తు లేచి, దూకబోయే కోడెలా ఉంది. ఆ ఎత్తు చూసే మనసు పారేసుకున్నాను. ‘ఎంత లోడు వేసినా వంగదు నా’ అన్నాడు అమ్మినతను. అందులో అబద్ధమేమీ లేదు.

మాది నిమ్మనపల్లె వైపు పల్లె. సొంత టమోటా రెండెకరాలు. దాంతోపాటు చుట్టుపక్కల రైతుల కాయ మదనపల్లె మార్కెట్టుకు తోలడం, కిరాయి దొరికితే పుంగనూరు, పలమనేరు, చిత్తూరు మీదుగా చెన్నై కోయంబేడుకు పోవడం. చెన్నైకి 250 కిలోమీటర్లుంటుంది, రాత్రి బయల్దేరితే తెల్లారేసరికి దించేయాలి.

మొదటి వారంలోనే తెలిసిపోయింది. ఖాళీ బండి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేచి ధన్‌మని పడేవి. ఆ దెబ్బ సీటులోంచి నడుముకు, నడుములోంచి దవడకు. ఫోన్లో మాట్లాడుతూ రెండుసార్లు నాలుక కొరుక్కున్నాను. ‘లోడు బండ్లు అట్లనే ఉంటాయిలే’ అన్నారు స్టాండులో అందరూ. నేనూ అట్లనే అనుకున్నాను. లోడు వేస్తే మెత్తబడాలి కదా, ఈ బండి నలభై క్రేట్లు వేసినా మెత్తబడదేమని అడగాలన్న ఆలోచనే రాలేదు.

మొదట కొత్త షాకులు వేయించాను. జత 6,400. తేడా లేదు, ఇంకొంచెం గట్టిపడినట్టే అనిపించింది. తర్వాత సీటు విప్పి లోపల కొబ్బరిపీచు పరుపు పెట్టించాను. పదిరోజులు బాగుంది, పదకొండో రోజుకు అణిగిపోయింది. ఆ తర్వాత నా తెలివి ఎక్కువై టైర్లలో గాలి తగ్గించాను. వెనక 60 పాయింట్లు ఉన్నదాన్ని 28కి దించాను. నిజంగానే మెత్తబడింది. ఇంత చిన్న సంగతికి ఇన్ని తిప్పలా అని నవ్వుకున్నాను కూడా.

ఆ వారమే కోయంబేడు లోడు. పలమనేరు దాటాక రబ్బరు కాలిన వాసన. మొగిలి ఘాట్ దిగేముందు పక్కకు ఆపి ఎడమవైపు వెనక టైరు మీద చెయ్యి పెట్టాను. పెట్టిన చెయ్యి పెట్టినట్టే లాక్కున్నాను. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ మడత పడుతుంది, ఆ మడతల్లోనే వేడి పుడుతుంది. ఘాట్ దిగుతూ పేలివుంటే ఏమయ్యేదో నేను రాయనక్కర్లేదు. గంటసేపు చల్లారనిచ్చి, నిదానంగా దగ్గర్లోని పంచర్ షాపు దాకా తీసుకెళ్ళాను. మిషను పెట్టి చూసిన పిల్లోడికి పదహారేళ్ళుంటాయేమో. ‘లోడు బండికి ఇరవై ఎనిమిదా నా? ఇంట్లో పిలకాయలు లేరా?’ అన్నాడు. నాకు మాట రాలేదు.

జూలై వచ్చింది. ఆ నెల టమోటా ధర అందరికీ గుర్తుండే ఉంటుంది, మదనపల్లెలో కిలో 150 దాటింది. అట్లాంటి రోజుల్లో కాయ పగిలితే రైతు ముఖం చూడలేం. ఒక తెల్లవారుజామున కోయంబేడులో క్రేట్లు దించుతుంటే ఆరింటి అడుగున రసం. వ్యాపారి తరుగు తీశాడు, రైతు నా కిరాయిలో పట్టుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు. విచిత్రమేమిటంటే పగిలిన కాయంతా వెనక ఇరుసు మీద పేర్చిన క్రేట్లలోదే. క్యాబిన్ వెనక వరసలు చెక్కుచెదరలేదు. చూశాను, ఊరుకున్నాను. బండి తన జబ్బేమిటో చెబుతూనే ఉంది, వినేవాడే లేడు.

ఆగస్టులో ఒక పొద్దున మంచం మీంచి లేవబోతే కుడికాలు నాది కాదనిపించింది. తుంటి నుంచి మడమదాకా కరెంటు తీగ లాగినట్టు నొప్పి. అమ్మ, నా భార్య కలిసి ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నడుములో నాలుగు, అయిదు ఎముకల మధ్య డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందన్నారు. ‘ఏం పని చేస్తావు?’ అని డాక్టరమ్మ అడిగితే చెప్పాను. ‘ఆరు వారాలు స్టీరింగు ముట్టుకోవద్దు’ అంది. మా బావమరిది బండి తోలాడు. వాడికి ఇరవై నాలుగేళ్ళు, రాయిలాంటి మనిషి. రెండో వారానికి వాడూ నడుం పట్టుకుని వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ‘బావా, ఇది బండి కాదు, రోకలి’ అన్నాడు. నేను సంపాదించలేని ఆ నలభై రోజుల్లో టమోటా ధర కూడా పడిపోయింది. సెప్టెంబరులో కోత కూలి కూడా గిట్టక తోటల్లోనే వదిలేశారు.

అప్పుడు ఎవరో చెబితే పుంగనూరు రోడ్డులో కమాను పట్టీల పని చేసే సాయిబు దగ్గరికి బండిని తీసుకెళ్ళాం. అరవై దాటిన మనిషి. పానా ముట్టుకోలేదు. ముందు అడిగాడు.

‘ఖాళీగా కొడతాదా, లోడులో కొడతాదా?’

‘రెండింట్లోనూ, భాయ్.’

‘చిన్న గతుక్కా, పెద్ద గుంతకా?’

‘చిన్నదానికే ఎక్కువ.’

‘కాయ ఎక్కడ పగులుతాది?’

అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది. వెనక ఇరుసు మీద అని చెప్పాను. తలూపి, బండి వెనక డోరు మీద ఎక్కి నిలబడి రెండుసార్లు ఎగిరాడు. బండి వేలెడు కూడా దిగలేదు. కిందికి దూరి నన్నూ రమ్మన్నాడు. నడుం వల్ల నేను వంగలేను, అందుకని నా ఫోను అడిగి లైటు వేసి ఫోటో తీసి చూపించాడు. నేను వేసిన కొత్త షాకు కడ్డీ మీద ఆరునెలల దుమ్ము పేరుకుని ఉంది. కింది చివర రెండువేళ్ళ మేర మాత్రమే తళతళలాడుతోంది. షాకు కదిలింది అంతే. చాసిస్ కింద ఉండే రబ్బరు దిమ్మకు కాస్త గ్రీజు పూసి, మూడు కిలోమీటర్లు గతుకుల్లో తిప్పుకు రమ్మన్నాడు. మా బావమరిది తిప్పుకొచ్చాడు. గ్రీజు పూసింది పూసినట్టే ఉంది. ‘దిమ్మకు తగిలి కొట్టడంలే. అసలు కమానే వంగడంలే’ అన్నాడు.

తర్వాత వేలు పెట్టి పట్టీలు లెక్కపెట్టాడు. ఒక్కోవైపు పది. కంపెనీవి ఏడు, మిగతా మూడూ తర్వాత దూర్చినవి. అవి మందం కూడా ఎక్కువ. కంపెనీవి 8 మిల్లీమీటర్లు, ఇవి 10. రెండు మిల్లీమీటర్లే కదా అన్నాను. ‘రెండే. కానీ ఒక్కో పట్టీ రెండింతలు మొండికేస్తాది’ అన్నాడు. ముందటి ఓనరు గ్రానైటు రాళ్ళు తోలేవాడని తర్వాత తెలిసింది. రెండున్నర, మూడు టన్నుల కోసం కట్టిన కమాను మీద నేను టన్ను టమోటా వేసి తోలుతున్నాను. పట్టీలు పెరిగినంత మాత్రాన ఆర్సీలో లోడు పెరగదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000, ఆపైన ప్రతి టన్నుకూ 2,000. అనుమతి లేని మార్పుకు విడిగా 5,000. సాయిబు ఒక్కమాటలో చెప్పాడు: ‘పట్టీలేస్తే బండి మోస్తాది, ఆర్సీ మొయ్యదు.’

నేను ముచ్చటపడిన ఆ నల్లరంగు సంగతి ఇంకోటి. కమాను చివరి షాకిల్ పిన్నుల గ్రీజు నిపుల్స్ మీద కూడా రంగు కొట్టేశారు. ఎన్నేళ్ళుగానో గ్రీజు ఎక్కలేదు. షాకిల్ ఊగాల్సింది, బిగుసుకుపోయి ఉంది. పైగా వెనక టైర్లు 12 ప్లై నైలానువి. పక్కగోడే గోడలా ఉంటుంది.

అన్నీ ఒకేసారి మార్చేయమన్నాను. ఒప్పుకోలేదు. ‘ఒకటి మార్చు, తోలి చూడు. లేకపోతే ఏది పనిచేసిందో నీకు తెల్దు, నాకూ తెల్దు.’ మొదట గాలి: తలుపు పక్కన స్టిక్కరు మీద రాసినట్టు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. కుదుపు కొంచెం తగ్గింది. మర్నాడు పిన్నులు, బుష్‌లు మార్చి గ్రీజు ఎక్కించాడు. చిన్న గతుకుల గరగర సగం పోయింది. మూడోరోజు అదనపు పట్టీలు తీసేశాడు. కొత్త యు-బోల్టులు వేశాడు, బుష్ బోల్టులు మాత్రం బండి బరువు చక్రాల మీదికి దిగాకే బిగించాడు. గాల్లో వేలాడేటప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుందట. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ వచ్చి యు-బోల్టులు బిగించుకోమన్నాడు. మొత్తం 11,200 అయింది. టైర్లు మాత్రం అరిగేదాకా అవే వాడాను, డబ్బుల్లేక.

బండి వెనక జానెడు దిగింది. చూడ్డానికి మునుపటి ఠీవి లేదు. ఇంటికొస్తూ స్పీడ్ బ్రేకర్ దగ్గర అలవాటుగా పళ్ళు బిగించాను. బండి ఒకసారి వంగి లేచింది, అంతే. ‘ఏంది బావా, ఎక్కిందా?’ అన్నాడు మా వాడు.

తీసిన ఆరు పట్టీలు సాయిబు షాపు ముందర పడి ఉండగానే ఇసుక తోలే పికప్ అతను ఒకడొచ్చి ఎంతకిస్తావని అడిగాడు. నా నడుం సంగతి చెప్పాను. నవ్వి, ‘నాకేం కాదులే నా’ అన్నాడు. ఇవ్వలేదు. తొట్టిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. రెండు కొలిమికి ఇస్తే కొడవళ్ళయినాయి. మిగతా నాలుగూ చేలో డ్రిప్పు పైపులు గాలికి లేవకుండా బరువుగా ఉన్నాయి.