రెండు కన్నులు, ఒక చూపు

మన యిండ్లలో బిడ్డలను దినమునకు పదిమార్లు మందలించుట వాడుక. ఆ మందలింపులలో న్యాయమైనవి యెన్ని, అన్యాయమైనవి యెన్ని యని లెక్క చూచుకొను తీరిక మనకుండదు. మా యింట జరిగిన యొక సంగతి మాచేత ఆ లెక్క చూపించినది. అది మీకును పనికివచ్చునని యిచ్చట వ్రాయుచున్నాము.

మా రెండవ అమ్మాయికి గడచిన సంవత్సరము ఆఱేండ్లు నిండినవి. చదువున చుఱుకైనది, పద్యము రెండుమార్లు విన్నచో అప్పగింపగలదు. కాని చేతిపని యేది చెప్పినను చెడగొట్టుచుండెడిది. గ్లాసులో నీళ్లు పోయుమన్న గ్లాసు ప్రక్కన పోయును. మెట్లు దిగునపుడు కడపటి మెట్టుకడ కాలు తడబడును. బంతి విసరినచో చేతులు మూయులోపలనే అది మొగమునకు తగులును. “దృష్టి యెక్కడ పెట్టితివే?” యని మేము కసరని దినము లేదు. ఒక పండుగనాడు చుట్టములు వచ్చియుండగా పాయసపు గిన్నెను బల్లమీద పెట్టబోయి, అంచునకు ఈవలనే గాలిలో విడిచిపెట్టినది. ఆనాడు చేయి చేసికొంటిమి. బిడ్డ యేడ్చుచు, “బల్లమీదే పెట్టానమ్మా!” యన్నది. అబద్ధమాడుచున్నదని మఱియొక దెబ్బ వేసితిమి. ఆ మాట అబద్ధము కాదని మాకు తెలియుటకు మూడు నెలలు పట్టినది.

అంతకు ముందే బడిలో కంటిపరీక్ష జరిగినది. మా పిల్లకు దోషమేమియు లేదని చీటి వచ్చినది. ఎట్లు వచ్చినదో తరువాత తెలిసినది. వరుసలో ముందు నిలిచిన పిల్లలు పట్టికలోని అక్షరములను చదువుచుండగా అవి దీనికి కంఠస్థమైపోయినవి. ఒక కన్ను మూసి చదువుమన్నప్పుడు కంటితో గాక జ్ఞాపకముతో చదివినది. మోసము చేయవలెనని కాదు, చదువుమనిరి, చదివినది. మావారు ఉపాధ్యాయులు. వారు చీటి చూచి, “కన్నులు బాగుగనే యున్నవి, మనసే నిలుకడగా లేదు” అని తేల్చిరి. మేమును ఒప్పుకొంటిమి.

పిమ్మట మా అక్కగారి కంటిశుక్లమునకు శస్త్రచికిత్స చేయించుటకై పట్టణములోని కంటి ఆసుపత్రికి పోయితిమి. పిల్ల వెంట వచ్చినది. అచ్చట కన్నులు పరీక్షించు నొక యువతి, మా పిల్ల తలుపు గొళ్లెము కొఱకు రెండుమార్లు చేయి చాచి అందుకొనలేకపోవుట చూచి, “ఈ అమ్మాయిని కూడ ఒకసారి చూడమంటారా అమ్మా?” యని తానే అడిగినది.

అక్షరముల పట్టిక చూపునేమో యనుకొంటిమి. కాని ఆమె స్లేటుపలకంత తెరయొకటి తెచ్చినది. “ఏ కన్నును మూయక మునుపే యీ పరీక్ష చేయాలి. ఒక కన్ను మూస్తే రెండింటి పొత్తు కొంచెము సేపు చెదరిపోతుంది” అని చెప్పి, ముందుగా దానిని మా చేతికే యిచ్చినది. తెరపై నాలుగు గడులు. ఒక్కొక్క గడియందును ఇసుక చల్లినట్లు చుక్కలు మెదలుచున్నవి. రెండు క్షణములు చూచునప్పటికి మూడవ గడి నడుమనుండి చదరపు పలకయొకటి లేచి గాలిలో తేలుచున్నట్లు కనబడినది. తరువాత పిల్ల చేతికిచ్చి, “ఏ గడిలో పలక పైకి లేచిందో ముట్టుకో తల్లీ” యన్నది. పిల్ల చాలసేపు చూచి, మా మొగము చూచి, “అన్నీ ఇసుకే కదమ్మా!” యన్నది.

భారతమున ద్రోణుడు చెట్టుమీది పక్షిని చూపి, ఏమి కనబడుచున్నదని శిష్యుల నడిగిన కథ మనకందఱకును తెలిసినదే. అచ్చట తక్కినవేవియు కనబడలేదనుట అర్జునునకు కీర్తి తెచ్చినది. ఇచ్చట ఒక్కటి కనబడలేదనుట మా గుండెను పిండివేసినది.

ఈ పరీక్ష యేమిటో ఆమె చెప్పినంతవఱకును, పిదప మేము చదివి తెలిసికొన్నంతవఱకును చెప్పెదము. మన రెండు కన్నుల నడుమ ఎడము ఆఱు సెంటీమీటర్లకు కొంచెము ఎక్కువ. కావున ఒకే వస్తువు రెంటికిని కొంచెము వేఱువేఱుగ కనబడును. ముక్కు నెదుట వ్రేలు నిలిపి కన్నులను మార్చి మార్చి మూసిచూడుడు. వ్రేలు అటునిటు గెంతును. ఆ చిన్న భేదమునుండియే మెదడు లోతును గ్రహించుచున్నది. 1838లో ఇంగ్లండున చార్లెస్ వీట్‌స్టన్ అనువారు అద్దముల సాయముతో కంటికొక చిత్రము చూపి దీనిని నిరూపించిరి. 1960లో అమెరికాలో బేలా యూలెష్ అనువారు కంప్యూటరుచేత చుక్కల చిత్రములను గీయించి ప్రకటించిరి. వానియందు ఏ యొక్క కంటికిని ఆకారము కనబడదు. రెండు కన్నులును కలిసి చూచినగాని అది పైకి తేలదు. మా పిల్ల చేతికిచ్చిన తెరకు మూలము అదియే.

ఆసుపత్రులలో పెద్ద ఈగ బొమ్మతో చేయు పరీక్ష చాలకాలముగ నున్నది. ప్రత్యేకమైన కళ్లజోడు పెట్టి ఈగ ఱెక్కలను గిల్లుమందురు. లోతు తెలిసిన బిడ్డ కాగితమును తాకక, గాలిలోనే గిల్లును. ఆ పుస్తకములోనే వలయములు కూడ నుండును. అయితే పెద్ద భేదముగల వలయము కొంచెము ప్రక్కకు జరిగినట్లుండుటచేత తెలివిగల పిల్ల ఒక్క కంటితోనే ఊహింపగలదు. అచ్చుబొమ్మ మాఱదు గనుక ఒకమారు చూచిన జవాబును మఱునాడు అప్పగింపనుగలదు. మా పిల్ల వంటిదానికి ఇదెంతపని?

తెరకు ఈ లోపము తక్కువ. ప్రతిమారును చుక్కలు క్రొత్తవి, గడి క్రొత్తది. నాలుగింట ఒకటి గ్రుడ్డిగా ముట్టినను ఒప్పుకావచ్చును గనుక అది పెక్కుమార్లడుగును. ఒప్పు చెప్పినచో సూక్ష్మము చేయును, తప్పినచో సులభము చేయును. ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమువారు జెన్నీ రీడ్ గారి ఆధ్వర్యమున ఇట్టిదానిని కళ్లజోడు అక్కఱలేని తెరపై ఆటవలె సిద్ధపఱచి, 2019లో దాని వివరములను ప్రకటించిరి. జోడు పెట్టుకొనుటకు మారాము చేయు పసివారికి ఇదెంతయో మేలు.

లోతుచూపును సెకండ్లలో కొలుతురు. ఇవి గడియారపు సెకండ్లు కావు, కోణపు సెకండ్లు. ఒక డిగ్రీకి 3600. నలుబది సెంటీమీటర్ల దూరమున 40 సెకండ్ల భేదమనగా సుమారు అర మిల్లీమీటరు ఎగుడుదిగుడు. మంచిచూపు దీనిని పోల్చగలదు. మా పిల్ల 800 సెకండ్లను, అనగా ఇంచుమించు ఒక సెంటీమీటరు ఎత్తును గూడ పోల్చలేకపోయినది. గిన్నె అంచు తప్పుటలో వింత యేమున్నది?

పిదప వైద్యులు చుక్కలమందు వేసి కన్నులను వేఱువేఱుగ చూచిరి. కుడికన్ను మంచిది. ఎడమకంట దూరదృష్టిదోషము మిక్కుటముగ నున్నది. మెల్ల లేదు గావున పైకి తెలియలేదు. ఆ కన్ను పంపు మసక చిత్రమును మెదడు నానాటికి త్రోసివేయుచు వచ్చినది. దీనినే సోమరికన్ను అందురు. “ఎనిమిదేండ్లు దాటకముందే వచ్చినారు, మంచిది” అని వైద్యులనిరి. ఆ మాట ఊరటయు నైనది, భయమును పుట్టించినది.

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. మావారు ఓదార్చుచు, పటౌడీ నవాబు 1961లో కారు ప్రమాదమున కుడికంటి చూపు పోగొట్టుకొనియు 1962లో భారత క్రికెట్ జట్టునకు నాయకుడైన సంగతి చెప్పిరి. నిజమే; నీడనుబట్టి, పరిమాణమునుబట్టి ఒంటికంటితోను దూరము నూహింపవచ్చును. కాని మేము పొరలి పొరలి తలచినది కన్నును గుఱించి కాదు, “బల్లమీదే పెట్టానమ్మా” యన్న మాటను గుఱించి. తనకు కనబడినదే అది చెప్పినది. లోతనునది యొకటి యున్నదని తెలియని బిడ్డ, తనకది లేదని యెట్లు చెప్పగలదు?

మొదట కొన్ని మాసములు కళ్లజోడు. పిమ్మట దినమునకు రెండు గంటలు కుడికంటికి పట్టీ. తొలినాళ్లలో పట్టీ పెఱికి పాఱవేసెడిది. ఆ రెండు గంటలు మేము ప్రక్కన కూర్చుండి పూసలు గ్రుచ్చించితిమి, కథలు చదివించితిమి. మొన్న మరల తెర చూపగా 200 సెకండ్లవఱకు పోల్చినది. అనగా రెండున్నర మిల్లీమీటర్లు. పూర్తిచూపు వచ్చునో లేదో వైద్యులు మాట యియ్యలేదు. కాని ఒక యుదయమున పిల్ల కిటికీకడ నిలిచి, “అమ్మా, జాజితీగ మన గదిలోకి వస్తున్నట్టుంది!” యన్నది. అమెరికాలో సూసన్ బారీ అను శాస్త్రజ్ఞురాలు చిన్ననాటినుండి మెల్లకన్నుతో నుండి, నలుబది యెనిమిదవయేట సాధనచేత లోతుచూపు పొంది, 2009లో ఆ యనుభవమును గ్రంథముగ ప్రకటించిరి. అట్టిది అరుదు, దానిని నమ్ముకొని చికిత్సను వాయిదా వేయరాదు.

సోదరీమణులారా! పిల్ల తఱచుగ ఒలకబోసినను, మెట్లకడ తడబడినను ఒక్కమారు పరీక్షింపుడు. మీరొక పెన్సిలును మొన పైకుండునట్లు నిలువుగ పట్టుకొని, మఱియొకదానిని పిల్ల చేతికిచ్చి, పైనుండి మొనకు మొన తాకింపుమనుడు. రెండు కన్నులతోను మాటిమాటికి తప్పుచున్నచో వైద్యునికి చూపుడు. ఒక కన్ను మూసినప్పుడు ఊరకుండి, రెండవది మూసినప్పుడు గోలచేసినను చూపుడు. ఇవి గుర్తులే గాని నిర్ణయములు కావు. చేతిఫోనులోని ఆటలును వైద్యుని పరీక్షకు బదులు కావు.

మావారు తమ బడిలో ఇప్పుడు వరుస పిల్లలను గది వెలుపల నిలిపి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి పట్టిక చదివించుచున్నారు. ఆ రెండు దెబ్బలను మేము వెనుకకు తీసికొనలేము. మొన్నటి పండుగకు పాయసపు గిన్నెను మరల దాని చేతికే యిచ్చితిమి. మెల్లగా తెచ్చి, ఎడమచేతితో బల్ల అంచును తడవి చూచుకొని, పెట్టినది.