ఎదురుగాలిలో సైకిలు ప్రయాణము

మచిలీపట్టణమునుండి విజయవాడకు పోవు బాటపై శనివారములందు సైకిలు తొక్కుట నాకు చాలకాలముగా అలవాటు. 200 కిలోమీటర్లను 13½ గంటలలో ముగింపవలసిన దూరయాత్రలకు ఇది నా అభ్యాసము. నలుబది దాటిన దేహమునకు దూరముకంటె గాలియే గొప్ప పరీక్ష.

ఫిబ్రవరి, మార్చి నెలలలో ఉదయము ఏడు గంటలకు బయలుదేరునప్పుడు ఆకు కదలదు. ఎండ ముదిరినకొలది నేల వేడెక్కి, దానిపైని గాలి తేలికయై పైకి లేచును. ఆ చోటు నింపుటకై సముద్రముమీది చల్లగాలి లోనికి వీచును. కంకిపాడు వరకు పోయి నేను ఇంటిముఖము పట్టుసరికి అది నాకెదురై నిలుచును.

ఒకవైపు తీసికొన్న కాలమును గాలి రెండవవైపు తిరిగి యిచ్చునని పలువురు తలంతురు. లెక్క వేసి చూడుడు. గాలి లేనినాడు గంటకు 20 కిలోమీటర్ల వంతున 60 పోయి, 60 వచ్చుటకు 6 గంటలు పట్టును. గాలి తోడైనప్పుడు 25, ఎదురైనప్పుడు 15 వంతున నడచినచో 2 గంటల 24 నిమిషములును, 4 గంటలును పట్టును. 24 నిమిషములు నష్టమే. ఎదురుగాలిలో గడపు కాలమే యెక్కువగుట దీనికి కారణము.

ఈ నష్టమును బలముతో పూడ్చబూనుట మరింత నష్టము. 20 వేగముతో పోవువానికి 10 వేగముగల గాలి ఎదురైనచో, వాని మేనికి తగులు గాలి వేగము 30 అగును. గాలి నిరోధము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును గనుక అది 2¼ రెట్లగును. అట్టియెడ మునుపటి వేగమునే నిలుపగోరువాడు గాలిని చీల్చుటకే 2¼ రెట్లు శక్తి వెచ్చింపవలెను. ఆ వ్యయమును కాళ్లు ఎంతసేపు భరించును?

ఒకనాడు నాతో వచ్చిన పదవ తరగతి బాలుడు తిరుగుదారిలో గాలితో పంతము పట్టి, అరగంటలో సొమ్మసిల్లి చెట్టుక్రింద కూలబడెను. “మాస్టారూ, నేను దీనికి పనికిరాను” అని వాడు కన్నీరు పెట్టుకొనగా, పై లెక్కను ఇసుకలో వ్రాసి చూపితిని. పిమ్మట వాని వేగమాపకముపై చేతిరుమాలు కట్టి, “ఇక దీనిని చూడకుము. ఒక వాక్యమును ఆగక పలుకగలిగినంత శ్రమతోనే తొక్కుము” అంటిని. గేరు తగ్గించి, మోచేతులు వంచి, ఒకరి వెనుక ఒకరము వంతులవారీగా నడచితిమి. ముందున్నవాడు గాలిని కాచుచుండగా వెనుకవానికి శ్రమ తగ్గును. వాని వంతు వచ్చినప్పుడు నా వయస్సునకును కొంత విశ్రాంతి దొరకెను.

ఇల్లు చేరుసరికి ఆలస్యమైనది గాని, వాడు తన సైకిలుపైననే చేరెను. మరుసటి శనివారము నాకంటె ముందుగా వచ్చి వాకిట నిలుచుండెను.

విద్యార్థులారా, గాలి మన చేతిలో లేదు. శ్రమను పాలించుట మన చేతిలో నున్నది. ఎదురుగాలిలో వేగము తగ్గినంతమాత్రమున మీ బలము తగ్గినదని యెంచకుడు.