మధ్యాహ్నం రెండు గంటల బడి

మీరు ఈ పుస్తకాన్ని ఏ వేళప్పుడు తెరుస్తారు? పిల్లలు నిద్రపోయాకా? పని ముగించుకుని ఇంటికి చేరాకా? పొద్దున్న పది గంటలకు బెంచీ మీద కూర్చుని చదువుకునే వీలు మీలో చాలామందికి ఉండదు. పదింటి బడి చిన్నపిల్లల కోసం ఏర్పడింది. పెద్దవాళ్ళ చదువుకు వేరే వేళ కావాలి, వేరే చోటు కావాలి. ఈ సంగతి నాకు విద్యాశాస్త్ర గ్రంథాలలో కన్నా ఒక పల్లెలో బాగా అర్థమయింది.

పాఠాలు రాయడం నా ఉద్యోగం. రాసిన పాఠం చదివేవారికి బోధపడుతోందో లేదో చూడడానికి అప్పుడప్పుడు చదువుల కేంద్రాలకు వెళ్తుంటాను. అలా ఢిల్లీ పొలిమేర దాటి, హర్యానాలో ఉన్న ఒక పల్లెకు కొన్నిసార్లు వెళ్ళాను. ఆ ఊరి నడుమ చౌపాల్ ఉంది. మన రచ్చబండ లాంటిదే, కాని పైకప్పు, అరుగులు ఉన్న కట్టడం. అక్కడ హుక్కా చుట్టూ మగవాళ్ళు కూర్చుంటారు. కోడళ్ళు ముసుగు సవరించుకుని పక్క సందులోంచి వెళ్ళిపోతారు. అందుకే చదువుల కేంద్రాన్ని చౌపాల్‌లో పెట్టలేదు. ఒక పెద్దావిడ ఇంటి వాకిట్లో ఉన్న గదిలో పెట్టారు.

ఆ గది మధ్యాహ్నం రెండింటికి తెరుస్తారు. నాలుగింటికల్లా ఆడవాళ్ళు లేచిపోతారు. ఆ వేళే ఎందుకని అడిగాను. "తెల్లవారగానే గేదెల పాలు తీయాలి, మేత కోసుకురావాలి, రొట్టెలు చేయాలి. సాయంత్రం మళ్ళీ పాలు, మళ్ళీ పొయ్యి. మధ్యలో ఈ రెండు గంటలే మావి" అన్నారు. రాత్రి ఏడు దాటాక అదే గదిలోకి కుర్రవాళ్ళు వస్తారు. వాళ్ళు బడి మధ్యలో మానేసి దగ్గరలోని కార్ఖానాలలో పనికి కుదిరినవాళ్ళు. గది ఒకటే, నల్లబల్ల ఒకటే, బడులు మాత్రం రెండు.

ఆ ఆడవాళ్ళలో ఇరవై ఏడేళ్ళ కోడలు ఒకామె ఉంది. ఎనిమిదో తరగతి కాగానే ఆమెకు పెళ్ళి చేశారు. టీచరు రాని రోజున మిగతావాళ్ళకు చదవడం, రాయడం నేర్పేది ఆమే. పట్నం నుంచి బస్సులో వచ్చే టీచర్లు ఆరు నెలలకొకరు మారిపోయేవారు. ఇక ఈమెనే టీచరుగా పెట్టుకుందామని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు. పదో తరగతి పాసైన కాగితం ఉంటేనే జీతం ఇస్తామని పైనుంచి జవాబు వచ్చింది. "దీదీ, నేను పనికి పనికొస్తాను, కాగితానికి పనికిరాను. ఇదేం లెక్క?" అని ఆమె నన్ను అడిగింది.

ఇది కొత్త ప్రశ్న కాదు. చాలా ఏళ్ళ కిందటే ఒక తెలుగు మహిళ ఢిల్లీలో ఇలాంటి ప్రశ్నకే జవాబు వెతికారు. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఢిల్లీ మెట్రోలో సౌత్ క్యాంపస్ స్టేషనుకు ఆమె పేరే పెట్టారు. ఆమె కథ మీరు తప్పక తెలుసుకోవాలి. ఎందుకంటే ఆమె కూడా మీలాగే బడి బయట చదువుకున్న మనిషి.

దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళి వద్దని బయటికి వచ్చారు. బడి చదువు మధ్యలోనే ఆగింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. జైలు జీవితం ముగిశాక, ఇరవై ఏళ్ళు దాటిన వయసులో మళ్ళీ పుస్తకం పట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్ పరీక్షను ప్రైవేటుగా రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పై చదువులు చదివి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా అందుకున్నారు. ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. అమ్మాయిలను మెట్రిక్ పరీక్షకు తయారు చేయడం ఆ సభ తొలి పనులలో ఒకటి. తాను దాటిన వాగును మరికొందరి చేత దాటించారన్నమాట.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దానికి దుర్గాబాయి మొదటి అధ్యక్షురాలు. మరుసటి ఏడాది నుంచి మండలి పల్లెలలో సంక్షేమ విస్తరణ పథకాలు ప్రారంభించింది. దాదాపు 25 గ్రామాలను కలిపి ఒక పథకం. పిల్లలకు బాలవాడి, తల్లులకు ప్రసూతి సాయం, స్త్రీలకు చేతిపనులు, అక్షరాలు వాటిలో భాగం. కాని ఒక చిక్కు వచ్చింది. ఈ పనులకు గ్రామసేవికలు, దాదులు, టీచర్లు కావాలి. చదువుకున్న స్త్రీలు పట్నం విడిచి పల్లెకు రావడం అరుదు. పల్లెలోనే ఉండే స్త్రీలకు చదువు లేదు, బడికి పోయే వయసూ కాదు.

ఈ చిక్కుకు జవాబుగా 1958లో వయోజన స్త్రీల సంక్షిప్త విద్యా కోర్సులు వచ్చాయి. ఏళ్ళ తరబడి సాగే బడి చదువును సుమారు రెండేళ్ళకు కుదించి చెప్పి, పరీక్షకు కూర్చోబెట్టడం వాటి పద్ధతి. ఇందులోని తెలివి గమనించండి. కాగితం అక్కరలేదని ఎవరూ అనలేదు. పరీక్షను తీసివేయలేదు. దాని దగ్గరికి పోయే దారిని దగ్గర చేశారు. పల్లెకు కావలసిన మనిషిని పల్లెలోనే తయారు చేయాలని చూశారు.

మీరు నడుస్తున్న దారి కూడా ఆ ఆలోచనకు చుట్టమే. 1979లో ఢిల్లీలో సీబీఎస్ఈ వారి ఒక ప్రాజెక్టుగా మొదలైన ఓపెన్ స్కూలు, 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాల అయింది. 2002లో జాతీయ సార్వత్రిక విద్యా సంస్థగా పేరు మారింది. పదో తరగతికి పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. అయిదు సబ్జెక్టులు అయిదేళ్ళలో, వీలునుబట్టి ఒక్కొక్కటే రాయవచ్చు. పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయనక్కరలేదు.

నన్ను ప్రశ్న అడిగిన ఆ కోడలు కూడా పేరు నమోదు చేయించుకుంది. మొదటిసారి హిందీ, గృహవిజ్ఞానం గట్టెక్కాయి. లెక్కలు పోయాయి. బీజగణితం ఆమెకు కొరుకుడు పడలేదు. రాత్రి బడిలో ఒక కుర్రవాడు లెక్కల్లో చురుకైనవాడు. కాని ఇద్దరి వేళలూ వేరు, కలిసి కూర్చునే ఆచారమూ ఆ ఊళ్ళో లేదు. అందుకని ఆమె నాలుగింటికి లేచేముందు తన సందేహాలు నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టేది. రాత్రి అతను లెక్క చేసి అదే చోట పెట్టేవాడు. అతను రాసిన హిందీ వ్యాసాలను మర్నాడు ఈమె దిద్దేది. పరీక్ష రోజుల్లో గేదెల పని అత్తగారు చూసుకున్నారు. నేను కడపటిసారి వెళ్ళేసరికి లెక్కలతో సహా నాలుగు సబ్జెక్టులు పూర్తయ్యాయి. ఇంగ్లీషు మిగిలింది. టీచరు కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.

మీ ఊళ్ళో ఇలాంటి కేంద్రం ఉండవచ్చు, లేకపోవచ్చు. లేకపోతే ఒక నోటుబుక్కుతోనైనా మొదలుపెట్టవచ్చు. మీకు రాని లెక్క వచ్చినవారు మీ వీధిలో ఒకరుంటారు. మీకు వచ్చిన పాఠం రానివారు మరొకరుంటారు. వారెవరో ఈ వారంలో కనుక్కోండి. మీ ఇద్దరికీ కుదిరే వేళ ఏదో కూడా అడగండి.