జేన్ వాళ్ళమ్మ అల్లిన టోపీ

పట్టుమని ఒక సీజన్ కూడా నడవని సీరియల్ ‘ఫైర్‌ఫ్లై’. 2002 సెప్టెంబర్ 20న అమెరికాలో ఫాక్స్ చానల్లో మొదలై, డిసెంబర్ 20కి దుకాణం కట్టేసింది. తీసినవి 14 ఎపిసోడ్లు, అప్పట్లో ప్రసారమైనవి 11. ప్రసారం కాని మూడింట్లో ఒకటి ‘ది మెసేజ్’. అందులో ఒక మొరటు మనిషికి వాళ్ళమ్మ దగ్గర్నుంచి పార్సెల్ వస్తుంది. విప్పితే ఊలుతో అల్లిన టోపీ. నారింజ, పసుపు రంగులు. చెవుల మీదకి వేలాడే రెండు రెక్కలు, నెత్తిన ఒక కుచ్చు. నిజం చెప్పాలంటే చూడ్డానికి ఘోరంగా ఉంటుంది.

ఇరవై ఏళ్ళు దాటాక ఇప్పుడు ఆ సీరియల్ గుర్తు ఏది అంటే అభిమానుల్లో చాలామంది చూపించేది ఆ టోపీనే. అంతరిక్షనౌక కాదు, తుపాకీ కాదు, హీరో వేసుకునే గోధుమరంగు కోటు కూడా కాదు. ఆ కోటు మీదే కదా వాళ్ళు తమకి ‘బ్రౌన్‌కోట్స్’ అని పేరు పెట్టుకున్నది. అయినా సూదులు పట్టుకుని కూర్చుని అల్లింది మాత్రం టోపీని. ఎందుకు ఇదే అన్నది చాలా ఏళ్ళుగా నాకున్న ప్రశ్న.

సీరియల్ చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. ఐదొందల ఏళ్ళ తర్వాతి కాలం. మనుషులు భూమి వదిలేసి వేరే గ్రహాల మీద బతుకుతుంటారు. ఒక యుద్ధం జరిగింది, అందులో ఓడిపోయిన పక్షం తరఫున పోరాడిన మాల్, జోయీ అనే ఇద్దరు ఒక డొక్కు నౌక సంపాదించుకుని, దొంగసరుకు మోస్తూ కాలం గడుపుతుంటారు. ఏలియన్లు లేరు. నౌకలోనూ గుర్రాల మీదా తిరిగే కౌబాయ్ కథ అనుకోండి. జాస్ వీడన్ సృష్టి.

నేను చూసింది 2008లో, ఇంజనీరింగ్ హాస్టల్లో. డీసీ ప్లస్ ప్లస్ నడిచే రోజులు. ఎవరి హార్డ్‌డిస్క్‌లో ఏముందో హాస్టలంతటికీ తెలిసేది. ఫైర్‌ఫ్లై ఫోల్డర్లో ఫైళ్ళకి రెండు రకాల నంబర్లు ఉండేవి, ఒకటి ప్రసారమైన వరస, ఇంకోటి డీవీడీ వరస. మేం తెలీక మొదటిదే పట్టుకున్నాం. అంటే 2002లో అమెరికా వాళ్ళు చూసినట్టే, అసలు పరిచయ ఎపిసోడ్ వదిలేసి ‘ది ట్రెయిన్ జాబ్’తో మొదలుపెట్టాం. రెండు గంటల ఆ పరిచయ ఎపిసోడ్‌ని ఫాక్స్ వాళ్ళు అన్నిటికంటే చివర వేశారు. మనుషులెవరో చెప్పే కథని వీడ్కోలు రోజున వేయడం!

అభిమానుల కోపంలో పెద్ద భాగం దీని మీదే. ఇప్పటికీ ఫైర్‌ఫ్లై పేరెత్తితే ముందు ఈ వరస సంగతి చెప్తారు. నాకు మాత్రం ఆ కోపం ఎక్కలేదు. జంగారెడ్డిగూడెంలో పెరిగినవాడికి కథ వరసగా రావడమే పెద్ద సౌకర్యం. చిన్నప్పుడు దూరదర్శన్లో ‘కెప్టెన్ వ్యోమ్’ వచ్చేది. మిలింద్ సోమన్ హీరో, కేతన్ మెహతా తీశాడు. నాకది హిందీ కాబట్టి సగం అర్థమయ్యేది, కరెంటు పోతే మిగతా సగం పోయేది. పోయిన ఎపిసోడ్లో ఏమైందో మా వీధిలో తలా ఒక రకంగా కల్పించి చెప్పేవాళ్ళం. అది ఎప్పుడు అయిపోయిందో కూడా నాకు గుర్తులేదు. ఆపొద్దని మేమెవరం ఉత్తరం రాయలేదు. ఒక సీరియల్ని ఆపొద్దని అడగొచ్చని మాకు తోచలేదు.

అమెరికా వాళ్ళకి తోచింది. చందాలేసుకుని ‘వెరైటీ’ పత్రికలో ప్రకటన ఇచ్చారు. ఫాక్స్ వినకపోతే యూపీఎన్ అనే ఇంకో చానల్‌కి పోస్టుకార్డులు రాశారు, మీరైనా తీసుకోండి అని. ఎవరూ తీసుకోలేదు. కానీ 2003 డిసెంబర్లో డీవీడీ వచ్చి బాగా అమ్ముడుపోయింది. ఆ ఊపుతో 2005లో ‘సెరెనిటీ’ సినిమా వచ్చింది. 2007లో స్టీవెన్ స్వాన్సన్ అనే నాసా వ్యోమగామి ఆ డీవీడీలని అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్ళాడు. చచ్చిపోయిన సీరియల్‌కి ఇంతకంటే మంచి దినం ఎవరూ చేసుండరు.

ఇక ‘ది మెసేజ్’ దగ్గరకొస్తే, డీవీడీలో అది పన్నెండోది. మాల్, జోయీల పేరుమీద తపాలాలో ఒక శవం వస్తుంది. యుద్ధంలో వాళ్ళతో పాటు ఉన్న ట్రేసీ అనే కుర్రాడిది. నన్ను మా ఇంటికి చేర్చండి అని రికార్డు చేసిన మాట కూడా ఉంటుంది. తీసుకెళ్తుంటే పోలీసులు వెంటపడతారు. ఏం దాచాడోనని డాక్టర్ సైమన్ కోసి చూడబోతే శవం కెవ్వున లేస్తుంది. ట్రేసీ చావలేదు. ఎవరికో చెందిన కొత్త అవయవాలని తన ఒంట్లో పెట్టుకుని రవాణా చేస్తున్నాడు. చివరికి వీళ్ళ ఎత్తుగడ అర్థం కాక, తనని పట్టిస్తున్నారనుకుని కేలీ తలకి తుపాకీ పెడతాడు. వీళ్ళ చేతిలోనే చస్తాడు. అప్పుడు నిజంగా శవాన్ని, మంచు కురుస్తుండగా, ఇంటికి చేరుస్తారు.

ఈ షూటింగ్ జరుగుతున్న రోజుల్లోనే సీరియల్ రద్దయిందన్న కబురు వచ్చింది. ఆ అంత్యక్రియల సంగీతాన్ని గ్రెగ్ ఎడ్మన్సన్ సీరియల్‌కే వీడ్కోలుగా కట్టాడని చెప్తారు. అందుకే అభిమానులకి ఈ ఎపిసోడ్ గుడిలాంటిది. ఆ చివరి రెండు నిమిషాలు చూసి ఏడ్చామని రాయనివాళ్ళు తక్కువ.

ఇక్కడ నాకో పేచీ ఉంది. ఎపిసోడ్‌గా ఇది మొదటి ఐదింట్లోకి రాదు. అవయవాల వ్యవహారం హడావుడిగా కట్టిన కథ, ‘అవుటాఫ్ గ్యాస్’ పక్కన పెడితే తేలిపోతుంది. పైగా ఆ మంచులో మోస్తున్నది ఎవర్ని? నమ్మిన స్నేహితులకి అబద్ధం చెప్పి, వాళ్ళ సానుభూతిని సరుకు రవాణాకి వాడుకున్నవాణ్ణి. ఆ శవయాత్రలో చేదు ఉంది, మాల్ ముఖంలో కూడా ఉంది. అభిమానులు ఆ చేదుని తీసేసి ఒట్టి దుఃఖం మిగుల్చుకున్నారు. తమ సీరియల్ పోయింది కాబట్టి శవపేటికలో ట్రేసీ బదులు సీరియల్ని పెట్టుకున్నారు. అర్థం చేసుకోగలను. ఒప్పుకోవడం మాత్రం కష్టం.

నన్ను పట్టుకున్నది టోపీతో పాటు వచ్చిన ఉత్తరం.

ఆ పార్సెల్ అందుకునే జేన్ కాబ్ (ఆడపిల్ల పేరున్న ఆరడుగుల కిరాయి రౌడీ, వేసింది ఆడమ్ బాల్డ్విన్) డబ్బుకోసం దేనికైనా సిద్ధపడే మనిషి. దీనికి కొద్దిగా ముందు ఎపిసోడ్లోనే సొంత నౌకలోవాళ్ళని అమ్మేయబోయాడు. అలాంటివాడు ఉత్తరం విప్పి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదువుతాడు. నువ్వు పంపిన డబ్బు అందింది, అక్కరకొచ్చింది. మాటీకి ఊపిరితిత్తుల జబ్బు ఇంకా తగ్గలేదు. వెచ్చగా ఉంటుందని ఇది అల్లాను. అంతే, ఇంచుమించు ఇంతే. తర్వాత టోపీ పెట్టుకుని, ఎలా ఉందని అడుగుతాడు. సిగ్గుపడడు. హాస్టల్ గదిలో పన్నెండుమందిమి పడీపడీ నవ్వాం.

2010లో హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. నెల మొదటి వారంలో ఇంటికి డబ్బు పంపేవాణ్ణి. పంపిన మర్నాడు అమ్మ ఫోన్ చేసేది. “డబ్బులు పడ్డాయి నాన్నా. మీ నాన్నకి దగ్గు అలాగే ఉంది. రాత్రి బస్సుకి పచ్చడి జాడీ ఇచ్చాం, పొద్దున్నే వెళ్ళి తెచ్చుకో.” ప్రతి నెలా ఇవే మూడు మాటలు, ఇదే వరసలో. మా ఊరికి రైలు లేదు కాబట్టి అన్నీ బస్సులోనే రావాలి. కూకట్‌పల్లిలో ఆరింటికి బస్సు దగ్గర నిలబడి, డ్రైవర్ దగ్గర జాడీ అందుకునేవాణ్ణి. కొన్ని నెలలు గడిచాక గానీ నాకు వెలగలేదు, ఈ మూడు మాటలూ ఎక్కడో విన్నానని. ఆ రాత్రి మళ్ళీ ఎపిసోడ్ పెట్టుకుని చూశాను. అదే ఉత్తరం. డబ్బు, జబ్బు, పార్సెల్.

నాన్న పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేసేవారు. మా వైపు వర్జీనియా పొగాకు ఎక్కువ, వేలం కేంద్రాలు ఊళ్ళోనే ఉన్నాయి. ఆకు పండబెట్టే రోజుల్లో రాత్రుళ్ళు మేలుకుని మంట చూసుకోవాలి. దానికి తోడు చుట్ట. దగ్గు నాకు ఊహ తెలిసేసరికే ఉంది. 2017 డిసెంబర్లో పోయారు. ఆ తర్వాత కూడా నెలనెలా డబ్బు పంపాను, అమ్మ ఫోన్ చేసింది. “డబ్బులు పడ్డాయి నాన్నా. రాత్రి బస్సుకి ఇచ్చాను, తెచ్చుకో.” మధ్యలో ఆ ఒక్క మాట ఉండేచోట కాస్త ఆగేది. ఇప్పటికీ ఆగుతుంది.

టోపీ సంగతికి వస్తాను. ఆ డిజైన్ ఎవరూ అమ్మలేదు కాబట్టి అభిమానులు టీవీ తెర చూసి పోగులు లెక్కేసుకుని సొంతంగా అల్లారు. చేతిపనులు అమ్మే ఎట్సీలో అమ్మారు కూడా. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2013లో ఫాక్స్ వాళ్ళు ఒక కంపెనీకి ఆ టోపీ తయారీ హక్కులిచ్చాక, అల్లి అమ్ముకుంటున్నవాళ్ళకి నోటీసులు వెళ్ళాయి. గొడవ గొడవైంది. సీరియల్ని చంపినవాళ్ళే దాని టోపీ మాదంటున్నారని మండిపడ్డారు. లైసెన్స్ టోపీ అమ్ముతున్న థింక్‌గీక్ వాళ్ళు చివరికి ఆ లాభాలని అభిమానులు నడిపే ఒక సేవా కార్యక్రమానికి ఇస్తామన్నారు.

చట్టం ఫాక్స్ వైపే ఉండొచ్చు. నేను కోడ్ రాసి బతుకుతున్నవాణ్ణి, లైసెన్స్ అంటే ఏంటో తెలుసు. కానీ ఈ గొడవ చదువుతుంటే నాకు మా వీధి అరుగులు గుర్తొచ్చాయి. తొంభైల్లో మా ఊళ్ళో ఆడవాళ్ళందరూ ప్లాస్టిక్ వైర్లతో బుట్టలు అల్లేవారు. నేను స్కూలుకి క్యారేజీ తీసుకెళ్ళింది అందులోనే. కొయ్యలగూడెం నుంచి కొత్తగా కాపరానికొచ్చిన అమ్మాయి చేతిలో ఏదైనా కొత్త రకం బుట్ట కనబడితే చాలు, మధ్యాహ్నానికి నలుగురు చేరి తిరగేసి బోర్లేసి గళ్ళు లెక్కపెట్టేసేవారు. వారం తిరిగేసరికి అదే బుట్ట వీధంతా. అయితే ఏ రెండూ ఒకలా ఉండవు. మా అమ్మది ఎప్పుడూ అడుగున కొంచెం వెడల్పు, క్యారేజీ ఒరిగిపోకుండా. ఎవరిది ఎవరి బుట్టో దూరం నుంచే చెప్పేవాళ్ళం. కంపెనీ టోపీలన్నీ ఒకేలా, కుదురుగా ఉంటాయి. అక్కడే తప్పిపోయింది. అది ఎవరో పెద్దావిడ తన దగ్గరున్న ఊలుతో, కొడుకు తల కొలత గుర్తున్నంత మేరకి అల్లిన టోపీ. కుదురుగా ఉంటే అది కథలోని టోపీ కాదు.

2021లో కరిష్మా కార్పెంటర్ అనే నటి, వీడన్ వేరే సీరియళ్ళ సెట్లో తనని ఎలా చూశాడో బహిరంగంగా రాసింది. నాకు తెలిసిన అభిమానులు కొందరు డీవీడీలు అటక మీదకి ఎక్కించేశారు. టోపీని మాత్రం పారేయలేదు. ఒకతను అన్నాడు, అది ఆయన చేసింది కాదు కదా అని. తర్కానికి నిలవదు, ఆ ఉత్తరం రాసింది కూడా రచయితలే కదా. అయినా అతను ఏమంటున్నాడో నాకు అర్థమైంది. తెరమీద ఎప్పుడూ కనిపించని ఆవిడకి ఆ ఎపిసోడ్లో అందరికంటే ఎక్కువ ఉనికి ఉంది.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మకి ఆ సీను చూపించాను. మా ఊళ్ళో ఊలు టోపీతో పనేముంది, పండగ రోజుల్లో తెల్లారగట్ల గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి దగ్గరకి వెళ్ళేటప్పుడు తప్ప. అప్పుడు కూడా మంకీ క్యాపే. ఉత్తరంలో ఏముందో తెలుగులో చెప్పాను. కళ్ళజోడు సవరించుకుని చూసింది.

“ఎంత పంపాడంట?”

“అది చెప్పలేదమ్మా.”

“చెవుల దగ్గర లెక్క తప్పిందిరా ఆవిడకి. పెద్దావిడై ఉంటుంది.” కాసేపాగి, “ఆ పిల్లాడికి తగ్గిందా మరి?” అంది.

“ఎవరికి?”

“అదే, ఊపిరి జబ్బన్నావు కదా.”

పద్నాలుగు ఎపిసోడ్లూ, సినిమా, నేను చదివిన వందల కొద్దీ అభిమానుల రాతలు. మాటీ సంగతి అడిగినవాళ్ళు ఒక్కరు కూడా నాకు గుర్తు రాలేదు.

“తెలీదమ్మా. తర్వాత ఆ సంగతి రాదు. ఇంకో రెండు ఎపిసోడ్లకి సీరియలే ఆపేశారు.”

“అదేంట్రా! జబ్బు మనిషిని అలా వదిలేసి ఎలా ఆపేస్తారు?”

ఏం చెప్పాలో తెలీక టోపీ దగ్గర బొమ్మ ఆపి, పెద్దది చేసి పెట్టాను. అమ్మ తెరమీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, పోగులు లెక్కపెట్టడం మొదలెట్టింది.